కోసిన పొగగొట్టం

పోయిన వారం ఈ పత్రికలో నా కథల భాగం అచ్చు కాలేదు. తప్పు నాదే. యాభై దాటాక పలక పట్టినదాన్ని, ఒక పేజీ నింపడానికి మూడు రోజులు పడుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ పోయినచోట పత్రికవాళ్ళు దిద్దుతున్నారు. వాళ్ళ కంటికి కూడా తప్పించుకున్నవి మీరు సర్దుకుని చదువుకోండి.

* * *

"ఆ కుక్కని విప్పుతావా, ల్యాదా?"

వెంకటేశులు వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాడు. ఖాకీ చొక్కా వేసుకుని, టికెట్ల సంచి భుజానికి తగిలించుకుని ఉన్నాడు. మదనపల్లె బస్సు ఎనిమిదింటికి పుంగనూరులో కదులుతుంది.

"విప్పను" అంది సుశీలమ్మ, పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండా. "విప్పితే యాడికి పోతాది? గోడ దూకి ఆ మునెమ్మ గుమ్మంలో పడుకుంటాది. తిండి మనది, కాపలా వాళ్ళకా?"

"సచ్చిపోతాదే అది."

"పోనీ. మనింట్లోనే పోనీ."

కరియ మూలనున్న రాతి స్తంభానికి కట్టేసి ఉంది. ఎనిమిది రోజులయింది. నిగనిగలాడే నల్ల కుక్క ఇప్పుడు బూడిదలో పొర్లినట్టుంది. దగ్గు వచ్చినప్పుడల్లా మెడ ముందుకు సాచి, నాలుక బయటపెట్టి, గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు గిలగిల్లాడుతుంది. తర్వాత పక్కటెముకలు చాలాసేపు ఎగసిపడతాయి.

ముందు గదిలో ఏడేళ్ళ కూతురు మంగ దగ్గింది. కుక్క దగ్గుకు జవాబు చెప్పినట్టు.

వెంకటేశులు గొంతు తగ్గించాడు. "పశువుల డాక్టరు ఏమన్నాడో నీకు రొండు మాట్లు చెప్పినా. ఊపిరితిత్తుల నిండా పొగ పట్టిందన్నాడు. ఆ పొగే పిల్లకీ పడతాండాది."

"సూది మందు ఇచ్చేవాడికి పెట్టుమందు సంగతి తెలుస్తాదా?"

అదీ సుశీలమ్మ పట్టుదల. పక్కింటి మునెమ్మ తిండిలో మందు పెట్టిందని ఆమె నమ్మకం. ఆ మందు కడుపులో ఉన్నంతకాలం తిన్నవాళ్ళు పెట్టినవాళ్ళ చుట్టూనే తిరుగుతారు, దగ్గి దగ్గి ఎండిపోతారు అని ఆ వైపు ఊళ్ళలో అనుకుంటారు. కరియ గోడ దూకి అవతలికి పోయేది. మంగ బడి వదలగానే పలక కూడా ఇంట్లో పెట్టకుండా అవతలికే పోయేది. ఇద్దరికీ దగ్గు వచ్చింది. ఇంకేం రుజువు కావాలి?

"కుక్క పోయేది పట్టుపురుగుల కోసం" అన్నాడు వెంకటేశులు. "గూళ్ళలోంచి దారం తీసినాక మిగిలిన పురుగులు వాళ్ళు పారేస్తే తింటాది. దానికి మందెందుకు?"

"పిల్ల కూడా పురుగుల కోసమే పోతాదా?"

పిల్ల ఎందుకు పోతుందో ఇద్దరికీ తెలుసు. మునెమ్మ దానికి జడ వేస్తుంది. వేసేటప్పుడు జుట్టు లాగదు, అరవదు.

వసారాలో కూర్చున్న అత్త ఆదిలక్ష్మమ్మ కలగజేసుకుంది. "నేను ఆ పొద్దే చెప్పినా. గుడుపల్లెలో పాపయ్య ఉండాడు, కడుపు పిసికి కక్కించేస్తాడని. మా చెల్లెలి ఇల్లు ఆడనే. బిడ్డని తీసుకుని పోదాం పాయే."

అప్పుడే పొగ వచ్చింది.

మునెమ్మ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగించే వేళ అది. పట్టుగూళ్ళు ఉడకాలంటే పొద్దున్నుంచి సందె దాకా మంట ఆరకూడదు. వానల్లో తడిసిన కట్టెలు. పెంకుల సందుల్లోంచి, గోనెసంచి కుక్కిన కిటికీలోంచి, తెల్లటి పొగ వంటింట్లోకి మెల్లగా దిగింది. కరియ తలను నేలకు ఆనించింది.

వెంకటేశులు కప్పు వైపు చూశాడు.

"మూన్నెల్ల కిందట ఈ పొగ మనింట్లోకి వచ్చేది కాదు" అన్నాడు. "పొగగొట్టం మన కప్పుకన్నా రొండు బారలు ఎత్తుండె. పొగ గాల్లో పోయేది. దాన్ని కోయించింది ఎవురు?"

సుశీలమ్మ పొయ్యిలో పుల్ల సర్దింది.

"పక్కింటిది మనింటి మీదికి లేస్తే మనకి కలిసిరాదని వీధిలో పదిమందిని పిలిచి, నిలబడి కోయించినావు. నేనొద్దన్నా వినలేదు."

"మీ అమ్మ గూడా అట్లే అనె."

"మా అమ్మ అనింది. నువ్వు చేసినావు."

ఆయన వెళ్ళిపోయాడు. సుశీలమ్మ పొయ్యి ముందే కూర్చుంది. కళ్ళు మండుతున్నాయి. పొగకా, మాటకా అన్నది ఆమె తేల్చుకోలేదు.

పొగగొట్టం సంగతి ఒక్కటే అయితే ఆమె ఊరుకునేదేమో. తంబళ్ళపల్లె దగ్గర తన పుట్టింటి చేలో మునెమ్మ తల్లి వేరుశనక్కాయలు పెరికేది. పొలం గట్టు మీద కూర్చుని, చీర కొంగులో పోసిన బొరుగులు తినేది. ఆమె కూతురు ఇప్పుడు నలుగురు ఆడవాళ్ళకి పని చెబుతోంది. పని చేసేటప్పుడు చేతి గడియారం విప్పి మేకుకు తగిలిస్తుంది. ఆ గడియారం గోడ మీదుగా కనబడుతుంది. దాన్ని చూడకూడదనుకున్న రోజు కూడా సుశీలమ్మ నాలుగుసార్లు చూస్తుంది.

* * *

గుడుపల్లెలో పాపయ్య పిల్లని చాప మీద పడుకోబెట్టి కడుపు పిసికాడు. ఆకు పసరు తాగించాడు. మంగ కక్కింది. ఏడ్చింది, మళ్ళీ కక్కింది. కక్కినదాంట్లోంచి పాపయ్య నల్లటి ఉండ ఒకటి ఏరి, ఆకులో పెట్టి చూపించాడు.

"ఇదోమ్మా. ఆడమనిషి పెట్టింది. దగ్గిర మనిషే."

సుశీలమ్మ గుండె చల్లబడింది.

మూడు రోజులు అక్కడే ఉన్నారు. ఆదిలక్ష్మమ్మ చెల్లెలి ఇల్లు ఊరికి ఎడంగా, చేను పక్కన ఉంది. వంట బయట, వేపచెట్టు కింద. గాలి ధారాళంగా వచ్చేది. మొదటి రోజు మంగ దగ్గింది. రెండో రోజు తగ్గింది. మూడో రోజు మేకపిల్లల వెంట పరిగెత్తింది.

"సూసినావా అత్తా!" అంది సుశీలమ్మ. "డాక్టరంటాడు, పొగంటాడు మీ కొడుకు. కక్కించినాక ఒక్క దగ్గుందా?"

"వాడికేం తెలుసే. వాడికి టికెట్లు చించడం తెలుసు."

అత్తా కోడళ్ళు పెళ్ళయినప్పటి నుంచి ఒకే మాట మీద నిలబడి నవ్వుకోవడం అదే మొదలు.

శుక్రవారం పుంగనూరులో బస్సు దిగి, సుశీలమ్మ నేరుగా తన ఇంట్లోకి పోలేదు. మునెమ్మ గుమ్మం ముందు ఆగింది. లోపల నలుగురు ఆడవాళ్ళు ఆవిరి మధ్య కూర్చుని ఉన్నారు. మునెమ్మ ఉడుకు నీళ్ళలో చేయి పెట్టి గూళ్ళ కొసలు వెతుకుతోంది. వేళ్ళు ఉడికిపోయి తెల్లగా ఉన్నాయి.

"కక్కించినాంలే మునెమ్మా" అంది సుశీలమ్మ, వీధికంతా వినబడేట్టు. "ఉండ ఉండగా పడింది. ఇంక నీ ఎత్తు పారదు."

మునెమ్మ చేయి నీళ్ళలోనే ఆగింది.

"ఏం ఉండ సుశీలమ్మా?"

"నీకు తెలీదా పాపం!"

"నేను పెట్టింది సంగటీ, ఊరిబిండి పచ్చడీ. మీ పాప తింటాంటే మా వాళ్ళందరూ సూసినారు." మునెమ్మ లేచి, తడి చేతులు చీరకు తుడుచుకుంది. దగ్గు ఆపుకుని మళ్ళీ అంది. "అయినా ఒక మాట అడుగుతా. ఈ నలుగురూ దగ్గుతాండారు. నేనూ దగ్గుతాండా. రేత్రంతా కూసోనే నిద్రపోతాండా. మాకెవురు పెట్టినారమ్మా మందు?"

ఆ నలుగురిలో పెద్దామె చెంగమ్మ చర్ఖా తిప్పడం ఆపకుండానే అంది. "మాకా? మా యాపారం సూసి కళ్ళు మండినోళ్ళెవురో పెట్టింటారు. గొట్టం కూడా వాళ్ళే మింగిండారు."

లోపల నవ్వు లేచింది. నవ్వు మధ్యలోనే ముగ్గురికి దగ్గు వచ్చింది.

మునెమ్మ మాత్రం నవ్వలేదు. "బిడ్డ బాగుండాదా?" అని అడిగింది. అడిగి, సుశీలమ్మ భుజం మీదుగా చూసింది. అవ్వ చేయి వదిలించుకుని మంగ అటువైపే వస్తోంది.

సుశీలమ్మ పిల్ల జబ్బ పట్టి లాక్కుపోయింది.

* * *

ఆ సాయంత్రానికే దగ్గు తిరిగి వచ్చింది.

"మళ్ళా పెట్టింది" అంది సుశీలమ్మ.

"ఎప్పుడు పెట్టింది?" అన్నాడు వెంకటేశులు. "బస్సు దిగినప్పటి నుంచి పిల్ల గడప దాటిందా?"

"కంటితోనే పెట్టింటాది" అంది ఆదిలక్ష్మమ్మ.

"అట్లయితే అమ్మా, గుడుపల్లెకే పోయి ఉండిపోండి అందరూ. నేను కుక్కా ఈడుంటాం."

కుక్క ఉండలేదు. తెల్లవారి వెంకటేశులు వంటింట్లోకి పోయేసరికి కరియ కాళ్ళు చాపుకుని ఉంది. స్తంభం దగ్గర కూర్చుని తాడు ముడి విప్పాడు. ముడి బిగుసుకుపోయింది, పంటితో విప్పాల్సి వచ్చింది.

సుశీలమ్మ గడపలో నిలబడి చూసింది.

"పన్నెండు రోజులు" అన్నాడు వెంకటేశులు. "పన్నెండు రోజులు ఇది గోడ దాటలేదు. మునెమ్మ చేతి మెతుకు దీని నోట్లో పడలేదు. మనం పెట్టింది తిన్యాది, నువ్వు కట్టిన చోట పడుకున్యాది. నువ్వు ల్యాని మూడు రోజులూ నీ నోటికి జడిసి నేనూ విప్పలేదు." తల ఎత్తి భార్యను చూశాడు. "దీనికి మందు ఎవురు పెట్టినారు సుశీలా?"

సుశీలమ్మ గడపలోంచి పక్కకు తప్పుకుంది.

ఆయన కుక్కను గోనెసంచిలో చుట్టి, పార తీసుకుని ఊరి బయటకు పోయాడు. అటు నుంచి అటే పనికి పోతానన్నాడు.

ఆయన పోయాక సుశీలమ్మ మూల ఊడవబోయి ఆగింది. సున్నం గోడ మీద పొగ మసి పరుచుకుని ఉంది. ఎప్పుడు పట్టిందో ఆమె గమనించనే లేదు. స్తంభం పక్కన, జానెడు ఎత్తులో, కుక్క వీపు ఆనించుకునే మేర మాత్రం గోడ తెల్లగా ఉంది. ఆమె కొంగుతో ఆ పక్కన ఒకసారి తుడిచింది. కొంగు నల్లబడింది.

ముందు గదిలో గోడ చూసింది. అక్కడా మసే. పిల్ల పడుకునే చాప పైన, గూట్లో దేవుడి పటం మీద కూడా.

"అవ్వా" అంది మంగ.

ఆ పిలుపు సగంలో తెగింది. పిల్ల కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, గాలి కోసం భుజాలు ఎగరేస్తోంది. గొంతులో ఈల. మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

"సాంబ్రాణి వెయ్యే, సాంబ్రాణి వెయ్యి!" అని ఆదిలక్ష్మమ్మ నిప్పుల కోసం పరిగెత్తింది.

"వొద్దు!" అని అరిచింది సుశీలమ్మ. అత్త మీద ఆమె అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "పొగొద్దు అత్తా! పొగొద్దు!"

ఆ అరుపు గోడ దాటింది.

మునెమ్మ వాకిలి చుట్టూ తిరిగి రాలేదు. గోడే ఎక్కి దూకింది. చేతుల నుంచి ఉడుకు నీళ్ళు కారుతున్నాయి. పిల్లని ఒక్క చూపు చూసి, "లచ్చుమయ్యా, జీపు!" అని మొగుణ్ణి కేకేసింది. గూళ్ళ మూటలు దించుతున్న జీపు ఇంకా వాళ్ళ ఇంటి ముందే ఉంది.

జీపులో సుశీలమ్మ చేతులు చాచింది. మంగ అప్పటికే మునెమ్మ మెడ పట్టుకుని ఉంది. విడదీస్తే ఊపిరి ఎక్కడ ఆగిపోతుందో అని సుశీలమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. పుంగనూరు నుంచి మదనపల్లె దాకా కూతురి పాదం ఒకటి పట్టుకుని కూర్చుంది.

* * *

ఆసుపత్రిలో సూది వేశారు. ముక్కుకు గొట్టం పెట్టారు. మధ్యాహ్నానికి పెదవులు ఎర్రబడ్డాయి.

డాక్టరమ్మ బయటికి వచ్చి ఇద్దరినీ చూసింది. "ఎవరమ్మా తల్లి?"

"నేను" అంది సుశీలమ్మ, అవసరమైనదానికన్నా గట్టిగా.

"ఇంట్లో పొగ ఉందా?"

సుశీలమ్మ కాళ్ళ వేళ్ళు చూసుకుంది.

"నాది డాక్టరమ్మా" అంది మునెమ్మ. "పట్టు తీసే పొయ్యి. గొట్టం పొట్టిగా ఉండాది. పొగంతా వీళ్ళింట్లోకే పోతాది. తప్పు నాదే."

కోయించింది ఎవరో ఆమె చెప్పలేదు. ఆ చెప్పకపోవడం సుశీలమ్మకు ముల్లులా గుచ్చుకుంది. నలుగురిలో తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి తిట్టడానికి ఉండేది. ఇప్పుడు మంచితనం కూడా మునెమ్మ ఖాతాలోకే పోయింది.

"పెద్దవాళ్ళు దగ్గి ఊరుకుంటారు. పిల్లల ఊపిరితిత్తులు లేతవి, అంత ఓర్చుకోలేవు" అంది డాక్టరమ్మ. "రోజూ సూదికి తీసుకురండి. నెల రోజులు పొగ సోకకూడదు. కట్టెల పొయ్యి ఉన్న ఇల్లే పనికిరాదు. ఇంకోసారి ఇట్లా వస్తే నేను మాట ఇవ్వలేను."

ఆమె వెళ్ళిపోయింది. వరండాలో ఇద్దరే మిగిలారు.

సుశీలమ్మ లెక్క వేసుకుంది. గుడుపల్లె నుంచి రోజూ మదనపల్లెకు రాలేరు. తంబళ్ళపల్లెలో పంపకాలయ్యాక పుట్టిల్లు ఒంటి గది, అదే గదిలో వేరుశనగ పొట్టు పొయ్యి. తెలిసిన ఏ ఇల్లు తలుచుకున్నా దాని కప్పులోంచి పొగ లేస్తూనే ఉంది.

"మా తమ్ముడు ఈడనే ఉండాడు" అంది మునెమ్మ నెమ్మదిగా. "కరెంటాఫీసులో పని. రొండు వీధుల అవతల ఇల్లు. పొగుండదు. వాళ్ళది గ్యాసు."

"గ్యాసా?"

"ఆ."

"ఎన్నాళ్ళాయె?"

"దీపావళికి వచ్చింది."

సుశీలమ్మ ఇంకేదో అడగబోయి మానుకుంది. లోపల బిడ్డ ముక్కున గొట్టంతో పడి ఉంటే తాను అడిగిన మాట ఏమిటో ఆమెకు అప్పుడు వినబడింది. సిగ్గేసింది. సిగ్గుతోపాటు, దీపావళికి వచ్చిందా, అని మళ్ళీ అనిపించింది.

"నువ్వూ ఉండొచ్చు ఆడ" అంది మునెమ్మ. "మా మరదలు ఏమీ అనుకోదు. నువ్వు అనుకుంటావేమో గాని."

"నా పొయ్యి బయట పెట్టుకుంటా. నువ్వు గొట్టం ఎత్తిస్తే పిల్ల మనింట్లోనే ఉండొచ్చు గదా" అంది సుశీలమ్మ, ఆమె వైపు చూడకుండా.

మునెమ్మ పక్కకు తిరిగి దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుంది.

"ఎత్తిస్తా. రేకు తేవాల, మనిషి దొరకాల, పది పదైదు రోజులు పడతాది. అయితే నేనై ఎత్తను సుశీలమ్మా. నేనై ఎత్తితే రేపు మళ్ళా నీకు కలిసిరాదు. ఆ పొద్దు పదిమందిలో కోయమన్నావు, మా ఆయన నోరు మూసుకుని కోసినాడు. ఆ పదిమందినే పిలిచి ఎత్తమని చెప్పు."

"అందరి ముందరా?"

"అందరి ముందరే."

"బిడ్డ ఊపిరితో బేరమాడతాండావా?"

"నేనా?" అంది మునెమ్మ. అంతే అంది.

* * *

సాయంత్రం నాలుగింటికి మంగను పంపించారు. మునెమ్మ మొగుడు లక్ష్మయ్య జీపు ఆమె తమ్ముడి చిన్న సిమెంటు ఇంటి ముందు ఆగింది. మునెమ్మ పిల్లని ఎత్తుకుని లోపలికి పోయింది. ఆమె మరదలు గుమ్మంలోకి వచ్చి, "లోపలికి రామ్మా, కూసో" అంది. మర్యాదగానే అంది.

"ఉండనీ. ఆయన బస్సు వచ్చే యాళైంది" అంది సుశీలమ్మ.

మరదలు ఒక నిమిషం చూసి లోపలికి పోయింది.

సుశీలమ్మ మెట్టు మీద నిలబడింది. తన పుట్టింట్లో ఈ మనుషులు మెట్టు కిందనే నిలబడేవాళ్ళు. ఎవరూ వాళ్ళని రమ్మనేవాళ్ళు కారు, వాళ్ళూ వచ్చేవాళ్ళు కారు. ఇప్పుడు రమ్మన్నా తాను పోలేకుండా ఉంది. తెరిచిన తలుపులోంచి వంటగది కనబడుతోంది. పొయ్యి మీద టీ కాగుతోంది. కింద నీలం మంట. గోడ సున్నం కొట్టిన నాటి తెలుపు మీదే ఉంది. ఎంత పీల్చినా పొగ వాసన లేదు, టీ వాసనే.

పక్క గదిలో మంచం మీద మంగను పడుకోబెట్టారు. సుశీలమ్మ చెవి అటే వేసింది. దగ్గు కోసం విన్నది. రాలేదు. ఇంకా విన్నది. ఈల కూడా లేదు. మెల్లగా, సమంగా, నిద్రపోయే పిల్ల ఊపిరి.

ఎన్నాళ్ళకో విన్న ఊపిరి అది. ఆ సంతోషంలో ఆమె తలుపు వైపు ఇంకాస్త వంగింది. ఇన్ని ఇళ్ళుండగా ఈ ఇంట్లోనా, అని కూడా అదే క్షణంలో అనుకుంది.

కాసేపటికి మంచం కిర్రుమంది.

"అమ్మా" అంది మంగ, నిద్ర గొంతుతో. "నీళ్ళు."

"తెస్తాండా తల్లీ" అంది లోపల నుంచి మునెమ్మ.

సుశీలమ్మ చెప్పులు విడిచింది. ఒక కాలు గడప మీద పెట్టింది. నువ్వుండు, నేను తెస్తాను అనాలి. కానీ ఆ ఇంట్లో కడవ ఎక్కడుందో, గ్లాసు ఏ గూట్లో ఉందో ఆమెకు తెలియదు. తెలిసినవాళ్ళలో తాను పేరు పెట్టి పిలవగలిగింది మునెమ్మ ఒక్కతే. ఆమెనే అడగాలి.

* * *

బి. కృష్ణమ్మ, వయసు అరవై మూడు. ఇప్పుడు ఉండేది మదనపల్లె, నీరుగట్టువారిపల్లెలో.